ఫ్యాన్ బెల్ట్ తెగిందా? కొత్తది వేసేముందు పాతదాన్ని ఒకసారి చూడండి

బండి నడుస్తుండగా బానెట్ కింద టప్‌మని శబ్దం, ఆ వెంటనే డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైట్, ఏసీ చల్లదనం పోవడం, పవర్ స్టీరింగ్ హైడ్రాలిక్‌ది అయితే చక్రం తిప్పడానికి రెండు చేతులూ చాలకపోవడం. ఇవన్నీ ఒకేసారి జరిగాయంటే తెగింది ఫ్యాన్ బెల్టే అనుకోవచ్చు. ఇంజిన్ బలంతో ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ పంప్ లాంటివాటిని తిప్పే బెల్ట్ ఇది. చాలా కార్లలో ఇప్పుడు అది ఫ్యాన్‌ని తిప్పదు, ఫ్యాన్‌కి సొంత మోటార్ ఉంటుంది, అయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. చాలా ఇంజిన్లలో వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఈ బెల్టే, అది ఆగితే నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) దాకా పోతుంది. కొన్నింటిలో వాటర్ పంప్ టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ లోపలి వాల్వ్‌లని సమయానికి నడిపే వేరే బెల్ట్) మీద నడుస్తుంది, కానీ మీ బండిలో ఏదో తెలియకపోతే ఆ ధైర్యం చేయొద్దు.

చాలామంది చేసే పొరపాటు, నేనూ చేసిందే: కొత్త బెల్ట్ తెచ్చి వేసేయడం. మూడో రోజు ఆ కొత్తది కూడా తెగింది. అసలు దోషి చిన్న ఐడ్లర్ పుల్లీ, అంటే బెల్ట్‌కి దారి చూపడానికే ఉండే చక్రం, దాని బేరింగ్ ఎండిపోయి ఉంది. చేత్తో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగరమంది, ప్లాస్టిక్ అంచు ఒకచోట కరిగి నున్నగా అయిపోయింది. మొదటిసారే అర నిమిషం పెట్టి దాన్ని తిప్పి చూసుంటే రెండో బెల్ట్ మిగిలేది. దానంతటది ముసలిదై తెగే బెల్టులూ ఉంటాయి, కాదనను, కానీ వయసు మీదకి నెట్టేసేముందు మిగతావన్నీ చూడాలి.

కాబట్టి పాత బెల్ట్‌ని పారేయకండి. ముక్కలైనా సరే ఏరి పెట్టుకుని, తెగిన కొన దగ్గర చూడండి. కొన అడ్డంగా, దాదాపు కత్తితో కోసినట్టు ఉంటే ఒక్కసారిగా పెద్ద లోడ్ పడిందన్నమాట, అంటే ఏదో పుల్లీ జామ్ అయి ఉండొచ్చు. బిగించేముందు బెల్ట్‌ని ఎవరైనా గట్టిగా మడిచినా లోపలి దారాలు విరిగి తర్వాత అలాగే తెగుతుంది. ఒక అంచు మాత్రమే అరిగి, అక్కడి నుంచి దారాలు పోగులు పోగులుగా వేలాడుతుంటే పుల్లీలు ఒకే వరసలో లేవు. గట్లు ఉన్న వైపు అద్దంలా మెరుస్తూ గట్టిపడి ఉంటే చాన్నాళ్లుగా జారుతోంది, టెన్షన్ తక్కువైంది. రబ్బరు మెత్తగా ఉబ్బి జిడ్డుగా ఉంటే పైనుంచి ఆయిలో కూలెంటో కారుతోంది. అప్పుడు వాల్వ్ కవర్, క్రాంక్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్) ముందు సీల్, స్టీరింగ్ పంప్ గొట్టాలు చూడాలి, లీక్ ఆపకుండా కొత్త బెల్ట్ వేస్తే అదీ నానిపోతుంది.

ఇంకో మాట. "పగుళ్లు లేవు, బాగానే ఉంది కదా, ఎలా తెగింది?" అంటారు. పాత నియోప్రిన్ రబ్బరు బెల్టులు పగుళ్లు చూపించేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తేలిగ్గా పగలదు, టైరులా అరుగుతుంది, గట్ల మధ్య గాడులు వెడల్పై బెల్ట్ పుల్లీలో కిందికి దిగిపోయి జారడం మొదలుపెడుతుంది. పగుళ్లు లేవన్న ఒక్క కారణంతో మంచిదనుకోవడానికి లేదు.

ఇక పుల్లీల సంగతి. ఇంజిన్ చల్లారాక, తాళం చెవి తీసేసి, బ్యాటరీ నెగెటివ్ వైరు కూడా విప్పండి, రేడియేటర్ ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. బెల్ట్ ఎలాగూ లేదు కాబట్టి క్రాంక్ పుల్లీ తప్ప ప్రతి పుల్లీనీ విడిగా చేత్తో తిప్పొచ్చు. శబ్దం లేకుండా నున్నగా తిరగాలి, పట్టుకుని ఊపితే కదలకూడదు. ఐడ్లర్, టెన్షనర్ (బెల్ట్‌ని స్ప్రింగ్‌తో బిగువుగా పట్టి ఉంచేది) పుల్లీలతో మొదలుపెట్టండి, ఎక్కువసార్లు దొరికేది అక్కడే. వాటర్ పంప్ ఊగుతున్నా, దాని కింద ఎండిపోయిన కూలెంట్ మరకలు కనిపించినా దాని పనైపోయినట్టే. ఆల్టర్నేటర్‌కి ఒకవైపే పట్టే క్లచ్ పుల్లీ ఉంటే, లోపలి షాఫ్ట్ తిరగకుండా ఆపి తిప్పినప్పుడు ఒక దిక్కున వదలాలి, రెండో దిక్కున పట్టాలి. రెండువైపులా పట్టేస్తే అది జామ్ అయింది, ఆ కుదుపులన్నీ బెల్టూ టెన్షనరూ భరిస్తున్నాయి.

ఏసీ కంప్రెసర్ దగ్గరే చాలామంది మోసపోతారు. క్లచ్ ఉన్న రకంలో ఏసీ ఆపి ఉన్నప్పుడు బయటి పుల్లీ హాయిగా తిరుగుతుంది, లోపల కంప్రెసర్ బిగుసుకుపోయి ఉన్నా సరే. అందుకని ముందున్న క్లచ్ ప్లేటుని కూడా పట్టుకుని తిప్పండి, కాస్త బిగువుగా అయినా తిరగాలి. బెల్ట్ తెగింది సరిగ్గా ఏసీ వేసిన క్షణంలోనేమో గుర్తు తెచ్చుకోండి, అదే అయితే సగం జవాబు దొరికినట్టే.

క్రాంక్ పుల్లీని వదిలేయకండి. అది చాలా బండ్లలో ఒకే ముక్క కాదు, లోపలి చక్రానికీ బయటి రింగుకీ మధ్య రబ్బరు పొర ఉంటుంది. ఆ రబ్బరు ఊడితే బయటి రింగు వంకరగా తిరిగి బెల్ట్‌ని పక్కకు తోసేస్తుంది. టార్చ్ వేసి రబ్బరు బయటికి పొడుచుకొచ్చిందేమో చూడండి. అదే వెలుతురులో ఆ పుల్లీ వెనక బెల్ట్ దారాలేమైనా చుట్టుకున్నాయా చూడటం ఇంకా ముఖ్యం. కొన్ని ఇంజిన్లలో ఆ పోగులు టైమింగ్ కవర్ లోపలికి దూరి టైమింగ్ బెల్ట్‌ని పళ్లు దాటిస్తాయి, అప్పుడు పోయేది ఇంజిన్. ఒక్క పోగు కనిపించినా కవర్ విప్పి శుభ్రం చేసేదాకా స్టార్ట్ చేయొద్దు.

టెన్షనర్ చేతిని స్పానర్‌తో కదిపితే స్ప్రింగ్ బలంగా ఎదురు నెట్టాలి, మధ్యలో పట్టేయకుండా తిరిగి రావాలి. పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడటానికి నిటారైన స్కేలు ఒకటి వాటి ముఖాల మీద ఆనిస్తే చాలు. గాడుల్లో రాయి ముక్క ఇరుక్కుందేమో కూడా చూసెయ్యండి.

కొత్త బెల్ట్ మీద 6పీకే1230 లాంటి నంబరు ఉంటుంది, అంటే 6 గట్లు, 1230 మిల్లీమీటర్ల పొడవు. పాతదానితో సరిపోలాలి. వేశాక ప్రతి పుల్లీ మీదా వేలితో తడిమి గట్లన్నీ గాడుల్లో కూర్చున్నాయో లేదో చూడండి, ఒక్క గాడి తప్పినా అంచు చీలిపోతుంది. కీచుమంటే స్ప్రే కొట్టి నోరు మూయించొద్దు, అది కారణాన్ని దాచేస్తుంది. బ్యాటరీ వైరు బిగించి స్టార్ట్ చేసి, చేతులు, బట్టలు దూరంగా ఉంచి టెన్షనర్ చేతిని గమనించండి. సన్నగా వణకడం మామూలే. ఏసీ వేయమని లోపలున్నవాళ్లకి చెప్పండి, ఆ క్షణంలో టెన్షనర్ చెయ్యి ఒక్కసారి కదిలి కుదురుకోవాలి. అలా కాకుండా ఎగిరెగిరి పడుతూనే ఉంటే ఇంజిన్ ఆపి మళ్లీ పుల్లీల దగ్గరికే వెళ్లండి.