చుక్కల బొమ్మలు పక్కన పెట్టి ఆరు ఋతువుల చక్రం చేయించండి

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉండే తెలుగు అమ్మానాన్నల కోసం ఇది. జులై దగ్గరపడితే స్కూల్ నుంచి మెసేజ్ వస్తుంది కదా, నైడాక్ వీక్ (ఇక్కడి ఆదివాసుల వారోత్సవం) సందర్భంగా ఆబొరిజినల్, అంటే ఆదివాసుల సంస్కృతి మీద ఏదైనా చేయించడానికి ఎవరైనా వస్తారా అని. నేను మొదటిసారి హుషారుగా సరేనని, ఇయర్ బడ్స్, రంగులు పట్టుకెళ్ళి క్లాసంతటితో చుక్కల తాబేళ్ళు వేయించాను. పిల్లలు తెగ సంబరపడ్డారు. అక్కడ పనిచేసే నూంగార్ (ఈ ప్రాంతపు ఆదివాసులు) ఆవిడ మాత్రం నవ్వుతూనే, ఆ చుక్కలు మావి కావమ్మా అన్నారు. నిజమే. మనందరికీ తెలిసిన ఆ చుక్కల పెయింటింగ్ 1971లో ఎడారి మధ్యలోని పపున్యాలో మొదలైంది, పెర్త్‌కి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. తెలుగు పండగ అని పిలిచి భాంగ్రా ఆడించినట్టు చేశానన్నమాట. పైగా ఆ గుర్తుల్లో చాలావాటికి ఫలానా కుటుంబం కథ అని హక్కులుంటాయి, ఎవరుపడితే వాళ్ళు కాపీ కొట్టకూడదు.

అందుకని ముందు మీరు నిలబడ్డ నేల ఎవరిదో తెలుసుకోండి. ఈ నైరుతి మూలంతా నూంగార్ వాళ్ళ బూజా, అంటే నేల. పెర్త్ చుట్టుపక్కల వాజుక్ నూంగార్‌లది. వాళ్ళకీ మనలాగే ఏడాదికి ఆరు ఋతువులు! డిసెంబర్, జనవరి బిరక్, ఆ తర్వాత రెండేసి నెలల చొప్పున బునురు, జెరన్, మకురు, జిల్బా, కంబరాంగ్. మూడో తరగతి పిల్లలకి దీనికన్నా మంచి యాక్టివిటీ నాకు దొరకలేదు.

ఒక్కొక్కరికి 30 సెంటీమీటర్ల అట్ట చక్రం కోసివ్వండి, ఆరు ముక్కలుగా గీయించండి. పేర్లు రాయగానే బొమ్మలకి దిగకండి. తేదీల కన్నా గుర్తులే ముఖ్యం ఇక్కడ. జెరన్‌లో పొద్దున్నే మంచు, రెక్కల చీమలు. మకురులో చలి, వాన, నల్ల హంసలు జతకట్టడం. జిల్బాలో తుమ్మజాతి చెట్లకి పసుప్పచ్చ పూలు. కంబరాంగ్‌లో అడవి పూలు విరగబూస్తాయి, మాగ్‌పైలు అనే నలుపు తెలుపు పిట్టలు నెత్తిమీదకి దూసుకొస్తాయి (ఇది ఏ పిల్లాడికీ నేర్పక్కర్లేదు, అందరూ పొడుపులు తిన్నవాళ్ళే). బిరక్‌లో ఎండలు, మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి. బునురు అన్నిటికన్నా వేడి, అప్పుడు మర్రి చెట్టు తెల్లగా పూస్తుంది. అవును, వాళ్ళ భాషలో కూడా మర్రే, కానీ అది యూకలిప్టస్ బంధువు, మన ఊడల మర్రితో ఏ చుట్టరికమూ లేదు. ఆరుద్ర పురుగు కనబడితే తొలకరి పడిందని మా తాతయ్య చెప్పేవారు. సరిగ్గా ఆ చూపే పిల్లలకి అలవాటు చేయడం మన పని.

ఇప్పుడు అందరినీ స్కూల్ ఆవరణలోకి తీసుకెళ్ళి ఓ ఇరవై నిమిషాలు తిప్పండి. ఇవాళ ఏ పువ్వుంది, గాలి ఎటునుంచి వస్తోంది, ఏ పిట్ట అరుస్తోంది, ఇవి చూసి మనం ఏ ఋతువులో ఉన్నామో వాళ్ళనే తేల్చమనండి, ఒప్పుకోకపోతే వాదించుకోనివ్వండి. ఆకులు, బెరడు రాలినవే ఏరాలి, కొమ్మలు తుంచనివ్వకండి. ఏరినవి చక్రంలో అతికించాలి. తెలుగు బడిలో చేస్తే లోపల ఇంకో చిన్న చక్రం పెట్టి మన ఋతువులు రాయించండి. ఇక్కడ వణికించే మకురు ఇండియాలో దాదాపు గ్రీష్మం ఉన్నప్పుడే వస్తుంది, పిల్లలు ఆశ్చర్యపోతారు.

మాటలు కూడా కొన్ని నేర్పండి, కానీ పలకడం నూంగార్ వాళ్ళ నోటే వినిపించాలి. కాయ అంటే హలో. మన పిల్లలు ఏ కాయ అని పడీపడీ నవ్వుతారు, ఆ మాట ఇక మరిచిపోరు. యోంకా కంగారూ, కూల్బర్ది మాగ్‌పై.

తినే ఐటమ్ లేకపోతే పిల్లలు ఒప్పుకోరు కాబట్టి డాంపర్ రొట్టె చేయించండి. రెండు కప్పుల సెల్ఫ్ రైజింగ్ పిండిలో ఒక పెద్ద చెంచా వేయించిన వాటిల్ (ఇక్కడి తుమ్మజాతి చెట్టు) గింజల పొడి, చిటికెడు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్ళు చూసుకుంటూ పోసి, ఎక్కువ పిసక్కుండా చిన్న ముద్దలు చేసి 200 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు. కాఫీ వాసన వస్తుంది. డాంపర్ అన్న పేరు తెల్లవాళ్ళదని, గింజలు రాతిమీద నూరి రొట్టె చేయడం మాత్రం ఇక్కడ వేల ఏళ్ళ పాతదని చెప్పండి. ఎలర్జీల లిస్టు టీచర్ని ముందే అడగండి.

బయట దొరికే గింజ ఏదీ నోట్లో పెట్టొద్దని గట్టిగా చెప్పాలి, దానికో కథ కూడా ఉంది. 1697లో డచ్ కెప్టెన్ వ్లామింగ్ మనుషులు ఇక్కడ జామియా అనే మొక్క గింజలు తిని వాంతులతో మంచం పట్టారు. నూంగార్ వాళ్ళు మాత్రం వాటిని నీళ్ళలో నానబెట్టి, మట్టిలో పాతిపెట్టి, విషం పోయాక పైగుజ్జు తినేవాళ్ళు. ఈ కథ చెప్తే పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

మీరు పెద్దగా మాట్లాడే పనే పెట్టుకోకండి, వీలైతే నూంగార్ పెద్దల్ని పిలిపించమని స్కూల్‌ని నెల ముందే అడగండి, వాళ్ళ టైమ్‌కి ఫీజు ఇవ్వాలని కూడా గుర్తు చేయండి. వెల్కమ్ టు కంట్రీ, అంటే వచ్చినవాళ్ళని తమ నేలకి ఆహ్వానించే మాట, చెప్పేది ఆ నేల వాళ్ళే. మీరూ పిల్లలూ చెప్పగలిగేది అక్నాలెడ్జ్‌మెంట్ (ఈ నేల వాళ్ళదని గౌరవంగా గుర్తించడం) మాత్రమే, అదీ బట్టీ పట్టించకుండా, పిల్లలకి ఈ నేలమీద ఏది ఇష్టమో వాళ్ళ మాటల్లోనే ఒక్క వాక్యం రాయిస్తే చాలు. మా క్లాసులో ఒక పాప, నాకు మా మెట్లమీద కూర్చునే కూల్బర్ది ఇష్టం అని రాసింది.