టూటూ రైఫిల్ బ్యారెల్ మార్చాలనుకుంటున్నారా? ముందు ఈ పనులు చేసి చూడండి

రెండేళ్ల కిందట మే నెలలో నా టూటూ రైఫిల్ (పాయింట్ టూటూ, అంటే .22 అంగుళాల చిన్న గుండు కాల్చే రైఫిల్) ఉన్నట్టుండి మొరాయించింది. 50 మీటర్ల దగ్గర ఐదు రౌండ్లు కాలిస్తే ఆ రంధ్రాలన్నిటినీ రూపాయి బిళ్లతో కప్పేసేవాణ్ణి. అలాంటిది టీ గ్లాసు మూతి అంత వెడల్పున చెదిరిపోవడం మొదలుపెట్టాయి. షూటింగ్ రేంజ్‌లో చూసినవాళ్లంతా ఒకటే మాట: "అన్నా, బ్యారెల్ పోయింది. మార్చేయ్." నేనూ నమ్మాను. డబ్బులు కూడా సర్దుకున్నాను. తీరా చూస్తే బ్యారెల్‌కు, అంటే గుండు దూసుకెళ్లే గొట్టానికి, ఏమీ కాలేదు. అనంతపురం ఎండకు చెక్క బట్టు (బ్యారెల్ కూర్చునే చెక్క భాగం) ఎండి కుంచించుకుపోయి, రైఫిల్‌ను దానికి బిగించే రెండు స్క్రూలు వదులయ్యాయి. రెండు నిమిషాల పని!

అందుకే బ్యారెల్ మార్చడం గురించి ఎవరు అడిగినా నేను చివరి నుంచి కాకుండా మొదటి నుంచి చెబుతాను. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ పోటీలో కంచు పతకం తెచ్చాక మా వైపు పిల్లలు కూడా టూటూ గురించి అడుగుతున్నారు. ఎన్‌సీసీలో 25 మీటర్ల దగ్గర పడుకుని కాల్చినవాళ్లకు ఈ రైఫిల్ కొత్తేమీ కాదు. కానీ దాన్ని విప్పి చూసినవాళ్లు తక్కువ.

ముందుగా చట్టం మాట. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ విడిభాగం కూడా ఆయుధం కిందికే వస్తుంది. ఆయుధాలను బాగుచేసే పని, మార్పులు చేసే పని లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలని అదే చట్టం ఐదో సెక్షన్ చెబుతుంది. బ్యారెల్‌ను కోసి పొట్టి చేయడం గురించి ఆరో సెక్షన్ విడిగా ఉంది. కాబట్టి బ్యారెల్ ఊడదీసి కొత్తది ఎక్కించే పని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌దే (తుపాకీలు బాగుచేసేవాడిదే). లేత్ మిషన్ ఉన్న స్నేహితుడు ఎంత పనిమంతుడైనా సరే, అతని దగ్గరికి తీసుకెళ్లకండి. మన చేతిలో ఉన్నది శుభ్రం చేయడం, స్క్రూలు చూసుకోవడం, పరీక్షించడం, పని అయ్యాక సరిగ్గా అయిందో లేదో తేల్చుకోవడం. ఇదేమీ చిన్న పని కాదు.

బ్యారెల్ అంత తొందరగా ఎందుకు పోదు?

టూటూ గుండు మెత్తటి సీసం. సాధారణంగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ తూగుతుంది. పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి పెద్ద రైఫిళ్లలో ఉండేదానిలో సగం కూడా ఉండదు. అందుకే బాగా చూసుకుంటే ఒక మంచి బ్యారెల్ పదుల వేల రౌండ్లు కాలుస్తుంది. సెలవు రోజుల్లో యాభై రౌండ్లు కాల్చేవాడు దాన్ని అరగదీయాలంటే జీవితకాలం పడుతుంది.

దానికి వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. ఈ తూటాలో మందుకు నిప్పంటించే పదార్థం కేస్ (తూటా లోహపు తొడుగు) అడుగున ఉండే అంచులో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచు మీద కొడుతుంది. చాలా తూటాల్లో ఆ పదార్థంలో రాపిడి కోసం మెత్తటి గాజు పొడి కలుపుతారు. అందువల్ల ఛాంబర్ (బ్యారెల్ వెనక చివర తూటా కూర్చునే చోటు) దాటిన వెంటనే ఉండే చోట, ముఖ్యంగా అడుగు వైపు, మసి గట్టిపడి కట్టులా పేరుకుంటుంది. గ్రూపింగ్ (రంధ్రాలు ఒకచోట దగ్గరగా పడటం) చెడటానికి అరుగుదల కంటే ఎక్కువసార్లు కారణమయ్యేది ఈ మసికట్టే.

మొదట: ఖాళీ చేసి, స్క్రూలు చూడండి

మ్యాగజైన్ తీయండి. బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కదిలే భాగం) వెనక్కి లాగి ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి కూడా చూడండి. నిన్న రాత్రి నేనే ఖాళీ చేశాను కదా అన్న మాట ఇక్కడ చెల్లదు. తూటాలు వేరే గదిలో పెట్టి ఆ తరువాతే పనిలోకి దిగండి.

బట్టు కింద ఉన్న స్క్రూలను ఒక్కసారిగా కాకుండా, ముందుది కొంచెం, వెనకది కొంచెం, మార్చి మార్చి బిగించాలి. ఎంత బిగించాలో రైఫిల్ పుస్తకంలో ఉంటుంది. పోటీ రైఫిళ్లలో ఐదు న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చెబుతారు, కొన్నింటికి ఇంకా తక్కువ. చేతి అంచనా వద్దు, బిగింపును కొలిచే టార్క్ రెంచ్ తెచ్చుకోండి. సీమలో చెక్క బట్టు రైఫిల్ ఉంటే వేసవి మొదట్లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి ఈ బిగింపు చూసుకోవడం అలవాటు చేసుకోండి. టెలిస్కోప్ ఉంటే దాని రింగుల స్క్రూలు కూడా చూడాలి. నాకు తెలిసి సగం "చెడిపోయిన బ్యారెళ్లు" ఇక్కడే బాగైపోతాయి.

తరువాత ఒక పది రూపాయల నోటు తీసుకుని బ్యారెల్‌కూ చెక్కకూ మధ్య దూర్చి ముందు నుంచి వెనక్కి జరపండి. బ్యారెల్ గాలిలో తేలేలా చేసిన రైఫిల్ అయితే నోటు ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుందంటే అక్కడ చెక్క వంగి బ్యారెల్‌ను నెడుతోందని అర్థం.

తరువాత: శుభ్రం చేయడం

ఎన్‌సీసీలో పుల్‌త్రూ అనే తాడుకు చిందీ (గుడ్డ ముక్క) కట్టి బ్యారెల్ లోంచి లాగిన గుర్తు అందరికీ ఉంటుంది. అది మంచి పద్ధతే, కానీ ముందు నుంచి, అంటే గుండు బయటికొచ్చే మూతి నుంచి, కడ్డీ దూర్చడం మాత్రం మానేయండి. ఆ మూతి అంచునే క్రౌన్ అంటారు. గుండు బ్యారెల్‌ను వదిలే ఆఖరి క్షణంలో దాన్ని అన్ని వైపులా సమానంగా వదలాల్సింది అదే. కడ్డీ ఒరుసుకుని అక్కడ ఒక పక్క అరిగితే బ్యారెల్ లోపల ఎంత బాగున్నా లాభం లేదు.

బోల్ట్ తీసేసి వెనక నుంచి, కడ్డీకి గైడ్ పెట్టి చేయండి. వెనక నుంచి దారి లేని రైఫిళ్లకు పుల్‌త్రూ లాంటి తాడే మేలు. ద్రావకంలో తడిపిన చిందీ ఒకటి పంపి, పది నిమిషాలు ఆగండి. ఛాంబర్ దాటిన ఆ మొదటి వేలెడు చోట ఇత్తడి బ్రష్‌తో నిదానంగా ముందుకూ వెనక్కూ ఆడించండి. తరువాత పొడి చిందీలు ఒకటొకటిగా, నలుపు తగ్గేదాకా. తళతళ మెరిసేలా తోమాలన్న పట్టుదల వద్దు, ఇది ఇత్తడి బిందె కాదు.

చివర్లో చాలా పలుచగా తుపాకీ నూనె. మా ఇంట్లో ఒకసారి నూనె అయిపోతే శెనక్కాయ నూనె రాద్దామా అన్నారు. వంటనూనె ఏదైనా కొన్నాళ్లకు జిగురై, మన ఎర్రదుమ్ముతో కలిసి బంకలా పడుతుంది. బయటి ఇనుముకు కుట్టుమిషన్ నూనె ఒక చుక్క పర్వాలేదు.

శుభ్రం చేసిన వెంటనే గ్రూపింగ్ చూసి దిగాలు పడకండి. తూటా మీద ఉండే మైనం పూత మళ్లీ బ్యారెల్ లోపల సమానంగా పరచుకునేదాకా, పదో ఇరవయ్యో రౌండ్లు అటూ ఇటూ పోతాయి.

ఇప్పుడు అసలు పరీక్ష

గాలి లేని పూట చూసుకోవాలి. అనంతపురంలో ఆషాఢం గాలిలో బ్యారెల్‌ను పరీక్షించడం అంటే సుడిగాలిలో చాట పట్టుకుని తూర్పారబట్టడం లాంటిదే. గంటకు 15 కిలోమీటర్ల అడ్డగాలి ఉంటే 50 మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి గుండు సుమారు రెండు సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. అంటే గాలి ఒక్కటే మిమ్మల్ని పదిలోంచి బయటికి నెట్టేయగలదు. తెల్లవారి ఎండెక్కకముందే రేంజ్‌కు వెళ్లండి.

కదలని ఆధారం కావాలి. మా రేంజ్‌లో ఇటుకల మీద పరిచిన కడప బండే బెంచీ. దానంత స్థిరమైనది డబ్బు పోసినా దొరకదు. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, జల్లించిన ఇసుక నింపి, రెండు వైపులా కుడితే సంచి తయారు. సంచి చెక్క కింద ఉండాలి, బ్యారెల్ కింద కాదు.

ఒకే రకం, ఒకే లాట్ నంబరు ఉన్న తూటాలతో పదేసి రౌండ్ల గ్రూపులు ఐదు కాల్చండి. మూడు రౌండ్ల గ్రూపు చూసి తీర్పు చెప్పేవాళ్లను నమ్మకండి, అది అదృష్టం కూడా కావచ్చు. తరువాత ఇంకో కంపెనీ తూటాలతో అదే పని. టూటూ బ్యారెళ్లకు తిండి దగ్గర పేచీ ఎక్కువ. పెట్టె మీద ఖరీదు ఎక్కువ ఉందని మీ బ్యారెల్‌కు అది నచ్చాలని లేదు, ఒకే కంపెనీలో రెండు లాట్లకు కూడా తేడా వస్తుంది. ఒక రకం తూటాలకు గ్రూపు కుదిరి ఇంకో రకానికి చెదిరితే బ్యారెల్‌ది తప్పు కాదు. అన్ని రకాలకూ ఒకేలా చెదిరితేనే అనుమానపడాలి.

బ్యారెల్‌ను కళ్లతో చూడటం

భూతద్దం, టార్చి చాలు. క్రౌన్ చుట్టూ ఇయర్‌బడ్ దూదిని తిప్పండి. ఎక్కడైనా పోగు పట్టుకుంటే అక్కడ గీతో పొక్కో ఉన్నట్టు. ఇది కనిపిస్తే ఆనందించండి, ఎందుకంటే గన్‌స్మిత్ క్రౌన్ ఒక్కటే మళ్లీ తీర్చవచ్చు, బ్యారెల్ మొత్తం మార్చక్కర్లేదు.

వెనక వైపు, ఛాంబర్ మూతి దగ్గర, అంచున చిన్న గుంట ఉందేమో చూడండి. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే అలవాటు ఉన్న రైఫిళ్లలో ఫైరింగ్ పిన్ వెళ్లి నేరుగా ఆ అంచును కొడుతుంది. అక్కడి లోహం లోపలికి ఒత్తుకుని, కాల్చిన కేస్ బయటికి రాక ఇరుక్కుంటుంది. దీన్ని కూడా గన్‌స్మిత్ ప్రత్యేక పనిముట్టుతో సరిచేస్తాడు. ఇంకా, కడ్డీకి బిగుతైన చిందీ పెట్టి నెమ్మదిగా తోసినప్పుడు ఒకచోట హఠాత్తుగా వదులుగా జారిపోతే బ్యారెల్ అక్కడ ఉబ్బి ఉండవచ్చు. ఇరుక్కున్న గుండు వెనకే ఇంకోటి కాలిస్తే ఇలా అవుతుంది. ఉబ్బు, లోతైన తుప్పు గుంటలు, ఈ రెండింటికీ వైద్యం లేదు. మార్చాల్సిందే.

మార్చాల్సి వస్తే

గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లేముందు మీ రైఫిల్ ఏ జాతిదో తెలుసుకోండి, ఎందుకంటే పని కష్టం, ఖర్చు దాని మీదే ఆధారపడతాయి. 1964లో వచ్చిన రూగర్ 10/22లో బ్యారెల్‌ను ఒక వి ఆకారపు దిమ్మె, రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి. సీజెడ్ 457 లాంటి వాటిలోనూ స్క్రూల బిగింపే. ఇలాంటివి తేలిక. పాత సీజెడ్ 452లో మరచుట్టు ఉంటుంది, దాన్ని విప్పాలంటే గట్టి వైస్, పెద్ద రెంచ్ కావాలి. మరికొన్నింటిలో బ్యారెల్‌ను ఒత్తి దూర్చి, అడ్డంగా పిన్నులు కొట్టి ఉంటారు. అక్కడ తొందరపడితే రిసీవరే (బ్యారెల్‌ను పట్టి ఉంచే ప్రధాన భాగమే) పాడవుతుంది.

అతన్ని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కూ బ్యారెల్‌కూ మధ్య తూటా అంచుకు దొరికే చోటు. తూటా అంచు మందం గరిష్ఠంగా 1.09 మిల్లీమీటర్లు. బోల్ట్ మూసినప్పుడు ఆ అంచుకు దొరికే చోటు దీనికన్నా తక్కువైతే బోల్ట్ గట్టిగా మూసుకుంటుంది, అంచు నలిగే ప్రమాదం. ఎక్కువైతే దెబ్బ సరిగా తగలక తూటాలు పేలవు, లేదా కేస్ అంచు దగ్గర చిట్లి వేడి గాలి ముఖం మీదికి వస్తుంది. కాబట్టి "గేజ్ పెట్టి చూశావా?" అని అడగడానికి మొహమాటపడకండి. రెండోది ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన కేస్‌ను బయటికి లాగే కొక్కెం) గాడి: కొత్త బ్యారెల్‌లో అది మీ బోల్ట్‌కు ఎదురుగా సరిగ్గా ఉండాలి. మూడోది ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి మెలిక గాడులు ఎంత పొడవులో ఒక చుట్టు తిరుగుతాయన్నది. మామూలు 40 గ్రెయిన్ల గుండుకు 16 అంగుళాలకు ఒక చుట్టు సరిపోతుంది, వేరే రకం అమ్మజూపితే కారణం అడగండి. ఇక లావు బ్యారెల్ వేయిస్తే చెక్క గాడి కూడా వెడల్పు చేయించాలి, ఆ ఖర్చు ముందే తేల్చుకోండి.

బ్యారెల్ మీద నంబరు ఉంటే, అది మారితే, ఆ వివరం మీ లైసెన్స్ కాగితాల్లోకి ఎక్కాలి. పని మొదలుపెట్టకముందే డీలర్‌తోనూ, కలెక్టరేట్‌లో ఆయుధాల విభాగంలోనూ మాట్లాడుకోండి.

ఇంటికి తెచ్చాక

మొదటి ఐదు రౌండ్లు ఒక్కొక్కటిగా లోడ్ చేసి, కళ్లద్దాలు పెట్టుకుని కాల్చండి. ప్రతి కేస్‌నూ ఏరి చూడండి. ఫైరింగ్ పిన్ గుర్తు అంచు మీద స్పష్టంగా, ప్రతిసారీ ఒకేచోట పడాలి. ఉబ్బు, చీలిక, మసి వెనక్కి చిమ్మిన మరక కనిపిస్తే అక్కడితో ఆపేసి రైఫిల్‌ను తిరిగి పట్టుకెళ్లండి. అన్నీ బాగుంటే సైట్లు మొదటి నుంచి జీరో చేసుకోవాలి (గురి పెట్టినచోటే గుండు పడేలా సరిచేసుకోవాలి), పాత సర్దుబాటు క్లిక్కులు ఇక పనికిరావు. స్క్రూలతో బిగించిన బ్యారెల్ అయితే వంద రౌండ్ల తరువాత బిగింపు మరోసారి చూడండి.

పాత బ్యారెల్‌ను మాత్రం పాత ఇనుప సామాన్ల అంగడికి వేయకండి. రంధ్రం అరిగిపోయినా చట్టం లెక్కలో అది ఆయుధ భాగమే. డీలర్ దగ్గర జమ చేసి, రసీదు తీసుకుని లైసెన్స్ ఫైలులో పెట్టుకోండి.