జర్మనీకి కొత్తగా వచ్చిన మెకానికల్ డిజైన్ ఇంజనీర్లకు

మొదటి నెల కాగితాలతోనే సరిపోతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు టౌన్ ఆఫీసులో ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి కాబట్టి తాళాలు తీసుకునేటప్పుడే అడిగి తీసుకోండి. తర్వాత ట్యాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది. పోస్టు డబ్బా మీద మీ పేరు లేకపోతే ఆ ఉత్తరం వెనక్కి పోతుంది, అందుకని ముందు పేరు అతికించండి. అద్దె ప్రకటనలో కాల్ట్‌మీటె అంటే ఒట్టి అద్దె, వార్మ్‌మీటె అంటే హీటింగ్, నీళ్లు కలిపి. డిపాజిట్ మూడు నెలల ఒట్టి అద్దెకు మించి అడగకూడదని చట్టం ఉంది. చాలా ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలే, సింకు కూడా మనమే పెట్టించుకోవాలి.

ఇవన్నీ ముందు వచ్చిన మనవాళ్లు ఎలాగూ చెబుతారు. పని గురించి చెప్పేవాళ్లు తక్కువ, నేను చెప్పాలనుకున్నది అదే.

హైదరాబాద్‌లోనో పుణేలోనో ఆఫ్‌షోర్ ప్రాజెక్టులు చేసి వచ్చినవారికి క్యాటియా, ఎన్‌ఎక్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు బాగా వచ్చు. మోడలింగ్ స్పీడు గురించి ఇక్కడ ఎవరికీ అనుమానం ఉండదు. వాళ్లు చూసేది డ్రాయింగ్. మనం కాలేజీలో నేర్చుకున్న ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షనే ఇక్కడా. అమెరికా కస్టమర్లకు పనిచేసి వచ్చారా, అయితే థర్డ్ యాంగిల్ అలవాటుతో పాటు ఇంకొకటి కూడా మార్చుకోవాలి. ఏఎస్‌ఎంఈ అనే అమెరికా పద్ధతిలో సైజు టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) ఇస్తే ఆకారం కూడా ఆ హద్దుల్లోనే ఉండాలి. ఇక్కడ పాటించే ఐఎస్‌ఓ 8015 ప్రమాణం ప్రకారం సైజు వేరు, ఆకారం వేరు, దేని హద్దు దానికి విడిగా రాయాలి.

ఉదాహరణకు 20 మి.మీ. హెచ్7 రంధ్రంలోకి పొడవాటి జి6 పిన్ను వెళ్లాలి (హెచ్7, జి6 అంటే రంధ్రానికి, పిన్నుకు ఇచ్చిన టాలరెన్స్ గుర్తులు). పిన్నును మైక్రోమీటర్‌తో ఎక్కడ కొలిచినా 19,99 వస్తుంది, అంటే సైజు సరిగ్గానే ఉంది. కానీ పిన్ను పొడవునా కాస్త వంగి ఉంటే రంధ్రంలోకి దూరదు, మీ డ్రాయింగ్ ప్రకారం దాన్ని రిజెక్ట్ చేయడానికీ వీల్లేదు. ఆకారం కూడా సైజు హద్దుల్లోనే ఉండాలని చెప్పే, వృత్తంలో ‘ఇ’ గుర్తు పెట్టి ఉంటే ఆ గొడవ రాదు. పాత డ్రాయింగుల టైటిల్ బ్లాక్‌లో ఐఎస్‌ఓ 2768-ఎంకె అని ఉంటుంది, అంటే టాలరెన్స్ విడిగా రాయని చోట వర్తించే సాధారణ టాలరెన్స్. దాని రెండో భాగాన్ని 2021లో ఉపసంహరించి ఐఎస్‌ఓ 22081 తెచ్చారు. పాత ఫైలు నుంచి కాపీ కొట్టేముందు మీ కంపెనీ ఏది పాటిస్తోందో అడగండి. అన్నట్టు, దశాంశానికి ఇక్కడ చుక్క కాదు, కామా.

ఇక వర్క్‌షాప్. అక్కడి మెకానిక్ మూడున్నరేళ్లు శిక్షణ పొందినవాడు. ఆ పైన పరీక్ష పాసై పొందే మైస్టర్ (నిపుణ మేస్త్రి) అర్హతను ఈ దేశం బ్యాచిలర్ డిగ్రీతో సమానమైన స్థాయిలో పెట్టింది. ఆయన మీ డ్రాయింగ్ పట్టుకొచ్చి ‘ఇది ఎందుకు?’ అని అడిగితే గొడవకు వచ్చాడనుకోకండి, టెన్షన్ పడకండి. 40 మి.మీ. లోతు పాకెట్‌కు (లోహంలో తొలిచే గుంటకు) మూలలో 3 మి.మీ. ర్యాడియస్ ఇస్తే 6 మి.మీ. సన్న కట్టర్‌ను అంత లోతుకు దించాలి. అది వణుకుతుంది, గోడ మీద గీతలు పడతాయి. అదే ర్యాడియస్ 6 ఇస్తే 10 మి.మీ. కట్టర్ ఆగకుండా మూల తిరిగేస్తుంది. ఆ మూల వల్ల మీ భాగానికి ఒరిగే లాభమేమీ లేకపోతే మార్చేయండి. మొదటి డ్రాయింగులు రిలీజ్‌కు పంపే ముందే కిందికి వెళ్లి చూపించండి. నా దృష్టిలో ఏ కోర్సూ ఇంత నేర్పదు.

అందుకే జర్మన్ భాష. డిజైన్ టీమ్‌లో ఇంగ్లిష్‌తో నడిచిపోవచ్చు, మిషన్ దగ్గర నడవదు. దానివల్ల ఇంకో మేలూ ఉంది. బ్లూ కార్డ్ (నిపుణ ఉద్యోగులకిచ్చే రెసిడెన్స్ పర్మిట్) మీద ఉన్నవారు ఏ1, అంటే తొలి స్థాయి జర్మన్‌తో 27 నెలలకు, అంతకన్నా పైదైన బీ1 ఉంటే 21 నెలలకు పర్మనెంట్ రెసిడెన్స్‌కు అప్లై చేయవచ్చు. సాయంత్రం క్లాసు మొదటి నెలలోనే మొదలుపెట్టండి. ప్రాజెక్టు ముదిరాక కుదరదు.

కాంట్రాక్ట్‌లో ప్రొబేషన్ ఆరు నెలల వరకు ఉండవచ్చు. ఆ లోపు రెండు వారాల నోటీసుతో ఎవరైనా విడిపోవచ్చు. సర్వీస్ కంపెనీ మిమ్మల్ని లీజింగ్ పద్ధతిలో, అంటే అద్దెకిచ్చినట్టు, కస్టమర్ దగ్గర పెడితే సాధారణంగా 18 నెలలే హద్దు. ఆ తర్వాత ఏమిటని సంతకానికి ముందే అడగండి. ఉద్యోగం మారేటప్పుడు త్సోయ్‌గ్నిస్ అనే సర్వీస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవడం మీ హక్కు. మీరు చేసిన భాగాలు, వాటి పరిధి అందులో స్పష్టంగా రాయించుకోండి.

చివరగా, మన డిజైనర్లలో చాలామందికి తెలియని చట్టం ఒకటి ఉంది. ఉద్యోగంలో ఉండగా చేసిన ఆవిష్కరణల గురించి 1957లో వచ్చింది. పేటెంట్ పొందదగ్గ ఆలోచన వస్తే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. నాలుగు నెలల్లోపు కంపెనీ దాన్ని వదులుకోకపోతే అది కంపెనీదే అయినట్టు లెక్క, అయితే మీకు పారితోషికం ఇవ్వాలి. బిడియపడి మీటింగ్‌లో నోటిమాటగా చెప్పి వదిలేయకండి. స్కెచ్, తేదీ, ఆ ఆలోచనలో ఎవరి పాలు ఎంతో ఫారంలో నింపి, అందినట్టు జవాబు తెప్పించుకుని దాచుకోండి.