మొదటి గుండు భుజానికి తెలియకూడదు

1991లో నెల్లూరు ఎన్‌సీసీ క్యాంపులో నా చేతికి త్రీ నాట్ త్రీ రైఫిల్ ఇచ్చారు. బట్‌ని, అంటే తుపాకీ వెనక కొసని, భుజానికి గట్టిగా అదిమి పట్టుకోవాలని చెప్పే ఉంటారు, వరసలో చివర నిలబడ్డ నాకు వినపడలేదు. ఒక్క గుండుకే తుపాకీ వెనక్కి తన్ని భుజం కమిలిపోయింది. కమిలింది వారంలో మానింది గానీ, ట్రిగ్గర్ మీద వేలు పడగానే కళ్లు గట్టిగా మూసుకునే అలవాటు నన్ను ఇరవై ఏళ్లు వదల్లేదు. షూటర్లు దీన్ని ఫ్లించ్ అంటారు. దెబ్బ తగలకముందే ఒళ్లు ముడుచుకుంటుంది, తుపాకీ మూతి కదులుతుంది, గుండు ఎటో పోతుంది.

ఇంత తెలిసీ మా అబ్బాయికి తుపాకీ కాల్చడం నేర్పేటప్పుడు అదే తప్పు చేశాను. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లిన రెండో రోజే పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చాను. అది పెద్దగా తన్నదు, నిజమే. కానీ పక్క లేన్‌లో ఎవరో పెద్ద తుపాకీ పేల్చారు, అప్పుడు వాడి చెవులకు చప్పుడు తగ్గించే మఫ్ లేదు. వాడు మళ్లీ రేంజ్ మొహం చూడలేదు. ఇప్పుడు కీబోర్డు వాయిస్తున్నాడు, బాగానే వాయిస్తాడు లెండి.

ఇప్పుడు మా అన్న కూతురి వంతు. పదేళ్లు, చెన్నై పెరంబూరులో ఉంటారు. మెరీనాలో బుడగలు కాల్చే బండి దగ్గర ఇరవై రూపాయలకు మూడు బుడగలు పగలగొట్టి, "చిన్నాన్నా, నిజం గన్ ఎప్పుడు?" అంది. ఈసారి తొందరపడలేదు.

బండి దగ్గరి గన్‌లో ఉండేది స్ప్రింగు. పిల్లలకు నేర్పడానికి అది మంచిది కాదు. లోపల పిస్టన్ ముందుకి దూకి ఆగినప్పుడు తుపాకీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, పెల్లెట్, అంటే చిన్న సీసపు గుండు, ఇంకా గొట్టంలో ఉండగానే. దాని బదులు సిలిండర్‌లో గాలి నింపుకునే పీసీపీ రైఫిల్ క్లబ్‌లో అడిగి తీసుకోండి. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీకి వాడేది ఈ రకమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు బంగారం వచ్చిందీ ఆ పోటీలోనే. పెల్లెట్ బరువు అర గ్రాము. మా త్రీ నాట్ త్రీ గుండు 11 గ్రాముల పైమాట, వేగం నాలుగింతలు. బయటికి పోయేదాని బరువూ వేగమూ ఎంత ఉంటే వెనక్కి అంత తన్నుతుంది. పీసీపీలో ఆ తన్ను భుజానికి దాదాపు తెలియదు.

ఇక్కడొక మెలిక ఉంది. బరువైన రైఫిల్ తక్కువ తన్నుతుంది, కానీ పదేళ్ల పిల్ల నాలుగున్నర కిలోలు నిలబడి మోయలేదు. పిల్లలది కదా అని తేలిక తుపాకీ ఇచ్చి, అందులో పెద్దవాళ్ల తూటా వేస్తే తన్ను ఇంకా పెరుగుతుంది. అందుకని బరువు తగ్గించకుండా మోసే పని తగ్గించాను. పాత ప్యాంటు కాలు కోసి, ఇసుక నింపి, రెండు కొసలూ కుట్టి బల్ల మీద పెట్టాను. రైఫిల్ దాని మీద ఆనుతుంది, పిల్ల కుర్చీలో కూర్చుంటుంది. బట్‌ని మోచేతి మడతలో పెడితే చూపుడువేలి కొస ట్రిగ్గర్‌ని అందుకోవాలి. అందకపోతే బట్ పొట్టి చేయాలి గానీ, పిల్లని మెడ సాగదీయమనకూడదు.

మొదటి రోజు ఒక్క పెల్లెట్ కూడా పేల్చలేదు. మూతి ఎప్పుడూ గురి వైపే, వేలు ట్రిగ్గర్ బయటే, అందరూ ఆగినప్పుడు పెల్లెట్ పెట్టే చోటి బోల్ట్ తెరిచి గొట్టంలో నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ దూర్చాలి. ఈ మూడూ ఆమె నాకు చెప్పాలి. నేను కావాలని ఒకసారి ట్రిగ్గర్ మీద వేలు పెడితే అరిచింది. ఆ అరుపు వచ్చాకే రెండో రోజు. పేలేది గాలే అయినా చెవులకు మఫ్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. భయం సగం చప్పుడులోనే ఉంటుంది. ఇంకోటి, పెల్లెట్ సీసం. డబ్బా మూస్తూనే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మురుకుల పొట్లం ఆ తర్వాతే.

వలయాలున్న గురి ఇవ్వకండి. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది, పిల్లలకు ఏడుపొస్తుంది. నేను తెల్లకాగితం పెట్టాను. మధ్యలో కొట్టాలని లేదు, అయిదు చిల్లులూ దగ్గర దగ్గరగా పడితే చాలు. మూడో వారానికి పది రూపాయల బిళ్ల కింద దాగేంత గుంపు వచ్చింది. ట్రిగ్గర్‌ని నర్సు సిరంజి నొక్కినట్టు మెల్లగా నొక్కమంటే, "అయితే నొప్పి పుడుతుందా?" అని అడిగింది. నాకే బుద్ధి లేదు. ఒక పూటకి 25 పెల్లెట్లు చాలు. ఇంకా కావాలని అడుగుతున్నప్పుడే ఇంటికి తీసుకెళ్లాలి.

టెక్సస్‌లో ఉన్న మా బావమరిది తన కొడుకుని జింకల వేటకు తీసుకెళ్తాడు. అక్కడ రీకాయిల్, అంటే వెనక్కి తన్నే తన్ను, తగ్గించిన తూటాలు కొట్లోనే దొరుకుతాయి. గుండు తేలిక, తుపాకీ మందు తక్కువ, తన్ను బాగా తగ్గుతుంది. రెమింగ్టన్, హోర్నడీ కంపెనీలు చేశాయి. ఫోన్లో అడిగితే చెప్పాను: ముందు పాయింట్ టూ టూతో మొదలుపెట్టు, అందులోనూ ధ్వని వేగానికి లోపల ఉండే తూటాలు తీసుకో, టపీమనే ఆ పదును చప్పుడు ఉండదు. తర్వాతే పెద్ద రైఫిల్, ఈ తేలిక తూటాలతో. తూటా మార్చావంటే గుండు వేరే చోట పడుతుంది, గురి చూసే సైట్ మళ్లీ సరిచూసుకో. ఇంట్లో మందు తగ్గించి సొంతంగా తూటా చేసే ప్రయోగం మాత్రం వద్దు. దానంతట అదే లోడ్ అయ్యే రకం తుపాకీ అయితే ఈ తూటాలకు మొరాయించొచ్చు, అదీ చూసుకో.

మనకిక్కడ ఆ బాధ లేదు. తుపాకీ లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న గాలి రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అలాగని మిద్దె మీద పెట్టి కాకుల్ని కొట్టించకండి.

ఫ్లించ్ వచ్చిందో లేదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. పెల్లెట్ మీరే పెడుతూ, మధ్యలో ఒకసారి పెట్టకుండా, రైఫిల్‌ని డ్రై ఫైర్ మీదకి, అంటే ఏమీ పేలకుండా ట్రిగ్గర్ మాత్రమే టక్కుమనేలా, మార్చి ఇవ్వండి. ఆ సౌకర్యం ఉన్న పీసీపీలోనే సుమా. స్ప్రింగు గన్‌ని ఉత్తగా పేల్చారంటే పిస్టన్ పాడవుతుంది. భయం ఉంటే ట్రిగ్గర్ టక్కుమనగానే మూతి కిందికి వంగుతుంది, పక్క నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.

పోయిన ఆదివారం నాలుగోసారికి అలా ఇచ్చాను. టక్కుమంది. మూతి కదల్లేదు, కన్ను మూయలేదు. బుగ్గ బట్ మీంచి తీయకుండానే అంది: "చిన్నాన్నా, పెల్లెట్ పెట్టలేదు కదూ?"