ఎవరూ చూడని సినిమాను మనవాళ్ల చేత చూపించడం ఎలా?

"ఏదైనా మంచి సినిమా ఉంటే చెప్పు" అని ఎవరైనా అడగడమే ఆలస్యం, ఫోన్ తీసి పది పేర్లు వాట్సాప్‌లో పంపేస్తాం. ఆ పదిలో ఒక్కటీ చూడరు. ఇరాన్‌దో జపాన్‌దో సినిమా, థియేటర్లో పోయి పదేళ్ల తర్వాత పేరొచ్చిన సినిమా, ఇలాంటివి చెప్పడానికి ఒక పద్ధతుంది. విజయనగరం, శ్రీకాకుళం మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు మనిషి, తర్వాతే సినిమా

అడిగినవాళ్లని తిరిగి మీరే అడగండి. ఈమధ్య ఏ సినిమా రెండోసారి చూశారు? ఎప్పుడు చూస్తారు, రాత్రి అన్నాలయ్యాకా, ఆదివారం మధ్యాహ్నమా? ఫోన్లోనా, టీవీలోనా? పక్కన ఎవరుంటారు? ఎలాంటి సినిమాలు ఇష్టమని మాత్రం అడక్కండి. దానికి ఎవరైనా "థ్రిల్లర్" అనే అంటారు.

ఆ మనిషి ఏం పని చేస్తాడు, వాళ్లింట్లో దేని గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు అన్నది వీటన్నిటికంటే ముఖ్యం. తెలిసినవాళ్లే కాబట్టి అడగక్కర్లేదు, గుర్తు తెచ్చుకుంటే చాలు. సినిమా ఏ దేశానిదైనా, తెర మీద మనిషి చేస్తున్న పని తనకు తెలిసిందైతే భాష రాకపోయినా కూర్చుంటాడు.

ఎవరికి ఏది

భావనపాడు వైపో కళింగపట్నం వైపో వేటకెళ్లే ఇంట్లో పుట్టి, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న స్నేహితుడు ఉన్నాడనుకోండి. 1948లో విస్కోంటి తీసిన ఇటలీ సినిమా 'లా తెర్రా త్రేమా' చెప్పండి. సిసిలీలో ఒక మత్స్యకారుల ఊరు. చేపకి ధర కట్టేది దళారులే. ఒక కుటుంబం ఎదురు తిరిగి, ఇల్లు తాకట్టు పెట్టి, సొంతంగా వేట మొదలుపెడుతుంది. నటించినవాళ్లంతా ఆ ఊరివాళ్లే, మాట్లాడేది వాళ్ల యాసే. ఆ యాస మిగతా ఇటలీ వాళ్లకి అర్థం కాదని వెనక నుంచి మామూలు ఇటాలియన్‌లో వ్యాఖ్యానం చెప్పించాల్సొచ్చింది. మన యాసని కమెడియన్‌కీ పనిమనిషికీ ఇచ్చి నవ్వించడం చూసి చూసి ఒళ్లు మండిన సిక్కోలు మనిషికి ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, సినిమా తనే వెతుక్కుంటాడు. రెండున్నర గంటలు దాటుతుందన్న సంగతి కూడా చెప్పండి మరి.

బిందెలతో నీళ్లు మోసిన రోజులు మర్చిపోని అత్తో పిన్నో ఉంటే, 1960లో కనెటో షిండో తీసిన జపాన్ సినిమా 'ది నేకెడ్ ఐలాండ్' పెట్టండి. చిన్న దీవి. అక్కడ మంచినీళ్లు లేవు. మొగుడూ పెళ్లాం పడవలో వేరే ఒడ్డుకెళ్లి, బకెట్లు నింపుకొచ్చి, కావిడి భుజానికెత్తుకుని కొండెక్కి, మొక్క మొక్కకీ ఇన్నేసి నీళ్లు పోస్తారు. గంటన్నర సినిమాలో మాటలు దాదాపు లేవు, అందుకని సబ్‌టైటిల్స్ గొడవా లేదు. "ఏటి, ఇందులో మాటలే నేవా?" అని మొదటి పది నిమిషాలూ అంటారు. అననివ్వండి. బరువుకి కావిడి బద్ద ఊగుతుంటుంది, ఆవిడ కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ ఎక్కుతుంటుంది. ఒకసారి అడుగు తప్పి ఒక బకెట్ ఒలికిపోతుంది. మొగుడొచ్చి చెంప మీద ఒక్కటి కొడతాడు. ఇద్దరూ పెదవి విప్పరు, మళ్లీ పనిలో పడతారు. ఆ చోట చూసేవాళ్లు మాత్రం ఊరుకోరు. ఆయన్ని తిట్టేవాళ్లు తిడతారు, ఆ బకెట్ నీళ్ల ఖరీదెంతో చెప్పేవాళ్లు చెబుతారు. ఆ వాదన మొదలైందంటే మీరిక రిమోట్ పక్కన పెట్టేయొచ్చు.

కథలు చదివేవాళ్లకి కథ మీదుగా వెళ్లడమే దగ్గర దారి. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో శ్రీకాకుళంలో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయానికి వెళ్లే అలవాటున్న మనిషైతే, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథతో మృణాల్ సేన్ 1977లో తీసిన 'ఒక ఊరి కథ' చెప్పండి. తీసింది తెలుగులోనే, చూసిన తెలుగువాళ్లే తక్కువ. అది నచ్చితే తర్వాత జపాన్ రచయిత అకుతగావ కథల మీద కురొసావా 1950లో తీసిన 'రషోమాన్'. గంటన్నరలో అయిపోతుంది.

ఇచ్ఛాపురం వైపు ఒడియా వచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లకి నీరద్ మహాపాత్ర 1984లో తీసిన 'మాయా మృగ'. హెడ్మాస్టరు తండ్రి, ఉమ్మడి కుటుంబం, పిల్లలు చదువుకుని పైకొచ్చేకొద్దీ ఒక్కొక్కరుగా విడిపోయే ఇల్లు. పాడైపోతున్న ఈ సినిమాను ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ బాగుచేయించింది, 2024లో ఇటలీలోని బొలోన్యాలో ప్రదర్శించారు. మాస్టార్ల ఇళ్లలో ఈ సినిమా ఊరికే పోదు.

పిల్లలున్న ఇంటికి మజీద్ మజీదీ 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్', 1997. అందరూ చెప్పేదే. అయినా చెప్పండి.

ఒక్కటే చెప్పాలి

జాబితా పంపొద్దు. ఒక్క సినిమా, నాలుగు ముక్కల్లో. గొప్ప కళాఖండమనీ, అవార్డులొచ్చాయనీ అనొద్దు. మనవాళ్లకి అవార్డు సినిమా అంటే నిద్రమాత్ర. మిల్లులో పనిచేసి రిటైరైన నెల్లిమర్ల మావయ్యకైతే ఇలా పంపుతాను: "మావయ్యా, ఒకాయనకి గోడలకి పోస్టర్లు అంటించే పని దొరికింది. సైకిలుంటేనే పని. మొదటిరోజే సైకిలెవడో పట్టుకుపోయాడు. కొడుకుని వెంటేసుకుని ఊరంతా వెతుకుతాడు. గంటన్నరే." అది డి సికా 1948లో తీసిన 'బైసికిల్ థీవ్స్'. తండ్రి వేషం వేసినాయన నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడన్న ముచ్చట సినిమా అయ్యాక చెప్పుకోవచ్చు. ముగింపు మాత్రం ఎంత బతిమాలినా చెప్పొద్దు.

పేరు ఒక్కటే రాస్తే చాలదు. ఒకే పేరుతో రెండు మూడు సినిమాలుంటాయి కాబట్టి సంవత్సరం, దర్శకుడి పేరు కూడా రాయండి. ఓటీటీలో ఇవాళ ఉన్నది రేపు ఉండదు. వాళ్లు చూస్తామన్న రోజు మీరొకసారి వెతికి, ఉంటేనే లింకు పంపండి. కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్లో చూస్తుంటే, సబ్‌టైటిల్స్ మాటలకి ముందో వెనకో పడుతున్నప్పుడు జీ, హెచ్ మీటలు నొక్కి సరిచేసుకోవచ్చని చెప్పండి. ఇది తెలియక సగంలో కట్టేసేవాళ్లు ఎందరో. తెలుగు సబ్‌టైటిల్స్ దొరకడం అరుదు. ఇంగ్లిష్ అక్షరాల వెంట పరిగెత్తలేని పెద్దవాళ్లుంటే పక్కన కూర్చుని, రెండు నిమిషాలకోసారి ఆపి, మీరే చెప్పాలి. ఓపిక లేకపోతే మాటలు తక్కువున్న సినిమా ఎంచుకోండి.

ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటి అరగంట నెమ్మదిగా ఉంటుందా, రక్తం ఉందా, హాల్లో అత్తగారి పక్కన కూర్చుని చూడలేని సీన్లున్నాయా? ఈ మూడో దాని దగ్గర మొహమాటపడితే ఆ ఇంట్లో ఇక మీ మాట చెల్లదు. థ్రిల్లర్ కావాలని పట్టుబట్టేవాళ్లకి కొరియా సినిమా 'మెమరీస్ ఆఫ్ మర్డర్' ఉంది, 2003లో వచ్చింది, నిజంగా జరిగిన హత్యల మీద తీశారు. శవాలు కనిపిస్తాయి, పిల్లలు పడుకున్నాక చూడమనండి.

కల్ట్ సినిమాలతో, అంటే ముందు ఆడకపోయినా తర్వాత జనం నెత్తిన పెట్టుకున్నవాటితో, వేరే చిక్కు. మన 'ఖలేజా'నే తీసుకోండి. 2010లో థియేటర్లలో అంతంతమాత్రంగానే ఆడి, టీవీలో వచ్చీ వచ్చీ జనానికి డైలాగులతో సహా నోటికొచ్చేసింది. అలాంటి సినిమా మొదటిసారి చూసేవాడు మీరు నవ్వే చోట నవ్వడు. మీరు ముందే నవ్వేసి వాడి మొహంలోకి చూస్తే అసలు నవ్వడు. కల్ట్ సినిమా చెప్పాక పక్కన కూర్చోకపోవడమే మంచిది.

చూశాక

"ఎలా ఉంది?" అంటే మొహమాటానికి "బాగుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఒక సీన్ పట్టుకుని అడగండి. 'బైసికిల్ థీవ్స్'లో తండ్రీకొడుకులు హోటల్‌కెళ్లే చోటుంది. పక్క టేబుల్ దగ్గర ఉన్నవాళ్ల పిల్లాడు దర్జాగా తింటుంటాడు, వీడు వాడి వంకే చూస్తూ తింటుంటాడు. "ఆ పిల్లాడి చూపు చూశావా మావయ్యా?" అంటే చాలు, మావయ్య తన చిన్నప్పటి హోటల్ కబుర్లలోకి వెళ్లిపోతాడు. మీ రెండో సినిమా ఏదో ఆ కబుర్లలోనే దొరుకుతుంది.

మధ్యలో ఆపేశారా? ఎక్కడ ఆపారో అడగండి. పదిహేనో నిమిషంలోనైతే సినిమా కుదరలేదు. గంట దాటాకైతే నిద్రొచ్చి ఉంటుంది, ఆ సినిమానే ఇంకో మధ్యాహ్నం పెట్టొచ్చు. నచ్చలేదంటే మాత్రం దాని గొప్పతనం వివరించొద్దు. వాళ్లు కాంతారావు కత్తియుద్ధం సినిమా ఒకటి చూడమంటే మీరు పూర్తిగా చూడాలి, ఫోన్ చూసుకుంటూ కాదు.

నలుగురు కుదిరాక డాబా మీద తెర కట్టుకుని కలిసి చూడాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్లూ చుట్టాలూ అయితే సరే. హాలు తీసుకుని ఊరివాళ్లని పిలిచేటట్టయితే హక్కులున్నవాళ్ల అనుమతి తీసుకోవాలి. గంటన్నర లోపు సినిమా పెట్టండి, కుర్చీలతో పాటు రెండు ఫ్యాన్లు కూడా చూసుకోండి. పెద్ద హీరో సినిమా విడుదలైన వారం వద్దు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కాబట్టి ఆ వారం విజయనగరంలో అసలే వద్దు, మీ ఇంటి నిండా కూడా చుట్టాలే ఉంటారు.