బాణం వేగంగా వెళ్లేలా చెక్క విల్లు చేసుకోవడం ఎలా?

ఒకే బలంతో లాగినా రెండు విళ్లు బాణాన్ని ఒకే వేగంతో వదలవు. మనం పెట్టిన శక్తిలో కొంత, కర్ర తాను కదలడానికే ఖర్చవుతుంది. ఆ ఖర్చు తగ్గించడమే మన పని.

ముడులు లేని, చారలు ఈ కొస నుంచి ఆ కొసదాకా తెగకుండా సాగిన కర్ర తీసుకోండి. అది బాగా ఆరాలి. వారానికోసారి తూచి రాసుకోండి, బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే. పచ్చికర్ర విల్లు ఒకసారి వంగితే మళ్లీ నిటారుగా రాదు.

నారిని 70 సెంటీమీటర్లు లాగేవారికి సుమారు 170 సెంటీమీటర్ల విల్లు సరిపోతుంది. మధ్యలో 20 సెంటీమీటర్లు వంగని పిడి. అటూ ఇటూ వంగే రెక్కలు పిడి దగ్గర 4-5 సెంటీమీటర్ల వెడల్పుతో మొదలై, కొసల దగ్గర ఒక సెంటీమీటరుకు రావాలి. నారి కోసం కొసల్లో గాడి కోయండి.

కొసల మీద ఎంత శ్రద్ధ పెట్టినా తక్కువే. పిడి బరువుగా ఉన్నా నష్టం లేదు, అది కదలదు. కొసలు అన్నిటికన్నా ఎక్కువ దూరం, ఎక్కువ వేగంగా కదులుతాయి. అక్కడ అదనపు కర్ర ఉంటే వేగం పోతుంది. వెడల్పు సగం చేస్తే బిగువు సగమే తగ్గుతుంది, మందం సగం చేస్తే ఎనిమిదో వంతే మిగులుతుంది. అందుకే కొసల దగ్గర మందాన్ని ఉంచి, పక్కల నుంచి సన్నగా చెక్కండి.

తర్వాత వంపు సరిచేయాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. పిడిని గోడకు కదలకుండా బిగించి, రెండు కొసలకూ కట్టిన తాడుతో కొద్దికొద్దిగా లాగుతూ దూరంగా నిలబడి చూడండి. ఎక్కువ వంగిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దాన్ని ముట్టుకోకండి. వంగని చోట, మన వైపు ముఖం మీద మాత్రమే నాలుగు పొరలు గీకి, ముప్పైసార్లు కొంచెం కొంచెం లాగి మళ్లీ చూడండి. గురివైపు ముఖాన్ని చెక్కితే చారలు తెగి, విల్లు అక్కడే విరుగుతుంది. అనుకున్న బలానికి మించి ఒక్కసారి కూడా లాగొద్దు. నేను తొందరపడి లాగిన ఒక విల్లు, నారి తీశాక కూడా వంగే ఉండిపోయింది. దాని బాణాల వేగం మళ్లీ రాలేదు.

చివరగా సాగని, సన్నని నారి కట్టండి. పిడికీ నారికీ మధ్య దాదాపు 15 సెంటీమీటర్లు ఉండాలి. బాణం లేకుండా మాత్రం లాగి వదలకండి. బాణం తీసుకెళ్లాల్సిన శక్తంతా కర్రకే తగిలి, విల్లు విరిగిపోవచ్చు.