మోకాలి మార్పిడి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి, మా అమ్మ విషయంలో మేం ఎలా తేల్చుకున్నామంటే

అనంతపురం, కడప నుంచి అమ్మానాన్నల్ని బెంగళూరు తీసుకొచ్చి మోకాళ్లు చూపించేవాళ్లు చాలామందే ఉంటారు, మేమూ అమ్మని మారతహళ్లిలో మా ఇంట్లో పెట్టుకునే చూపించాం. ఎక్స్‌రే చూడగానే భయపడి డేట్ ఫిక్స్ చేసుకోకండి.

ముందు ఆ ఎక్స్‌రే నిలబెట్టి తీశారో లేదో చూడండి, పడుకోబెట్టి తీస్తే అరుగుదల సరిగ్గా తెలీదు. గ్రేడ్ 4, అంటే అరుగుదలలో ఆఖరి దశ అని రాసినా మనిషి హాయిగా తిరుగుతుంటే తొందరేం లేదు.

తర్వాత రెండు వారాలు నోట్‌బుక్‌లో రాయండి, రాత్రి నొప్పికి ఎన్నిసార్లు మెలకువొచ్చింది, ఎంత దూరం నడిచాక ఆగారు, మాత్రలు ఎన్ని వేసుకున్నారు, అన్నీ. మా అమ్మ ఎప్పుడడిగినా "పర్వాలేదులేమ్మా" అనేది, రాసి చూస్తే రోజూ పెయిన్ కిల్లర్ వేసుకుంటోంది, మెట్లు దిగాలని కింద కూరగాయల బండి దగ్గరికి వెళ్లడమే మానేసింది, అది చదివి నాకు ఏడుపొచ్చింది. ఆ మాత్రలు నెలల తరబడి వాడితే కిడ్నీలకి, కడుపుకి దెబ్బ.

ఈలోగా ఒక మూడు నెలలు ఫిజియో, తొడ కండరాల ఎక్సర్‌సైజులు గట్టిగా చేయించండి. బరువు ఒక్క కేజీ తగ్గినా నడిచేటప్పుడు అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు 4 కేజీల భారం తగ్గుతుంది. ఇవన్నీ చేశాక కూడా నిద్ర లేకపోతే, బాత్రూంకి వెళ్లడమే కష్టమైతే, ఇక అప్పుడు ఆపరేషనే.

మరీ లేటు చేసినా నష్టమే, కాలు వంకర తిరిగి, పూర్తిగా చాచలేని స్థితికొచ్చి, తొడ కండరం కరిగిపోయాక చేయిస్తే కోలుకోవడం చాలా కష్టం. యాభైల్లో ఉన్నవాళ్లయితే వీలైనంత ఆగడమే మంచిదని నా అభిప్రాయం, పెట్టిన మోకాళ్లలో 100కి 80 పైనే 25 ఏళ్లు వస్తాయిగానీ వయసు తక్కువైతే మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం ఎక్కువ. ఇంకోటి, పదిమందిలో ఒకరిద్దరికి తర్వాత కూడా నొప్పి పూర్తిగా పోదు, ఇది పేషెంట్‌కి ముందే చెప్పండి.

డేట్ అనుకున్నాక షుగర్ కంట్రోల్‌లో ఉందా, పళ్లలో ఇన్ఫెక్షన్ ఉందా చూపించుకోండి. మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే 3 నెలలు ఆగాలి, లేదంటే ఇన్ఫెక్షన్ రిస్క్ పెరుగుతుంది. ఇంప్లాంట్ల, అంటే లోపల పెట్టే కృత్రిమ మోకాళ్ల ధరలకి 2017లోనే ప్రభుత్వం సీలింగ్ (గరిష్ఠ పరిమితి) పెట్టింది, బిల్లులో ఇంప్లాంట్ రేటు విడిగా రాయమనండి, ఇంప్లాంట్ ప్యాకెట్ మీదుండే స్టిక్కర్ కూడా అడిగి దాచుకోండి.

ఇంకా డౌటుంటే నోట్‌బుక్, ఎక్స్‌రే రెండూ పట్టుకుని ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి, జయనగర్‌లో సంజయ్ గాంధీ గవర్నమెంట్ ఎముకల ఆసుపత్రి కూడా ఉంది, అక్కడా అడగొచ్చు.